ఎర ప్రశ్న

సెప్టెంబరు 9

తల తిరగడం తగ్గలేదు. మాత్ర వేసుకుంటే తిరగడం ఆగుతుంది కానీ తేలడం మొదలవుతుంది. చెవి లోపల ఏదో తూకం తప్పిందట. ఆఫీసువాళ్లు ఇంట్లో ఉండి చేసుకోగలిగిన పని చేసుకోమన్నారు. మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నాను. కళ్లు మూసుకుంటే అది మెల్లగా బయల్దేరి, వీధి చివరిదాకా వెళ్లి, నన్ను జాగ్రత్తగా మళ్లీ గదిలో దింపుతుంది. ఏది జరిగిందో, ఏది కలో కలగాపులగం కాకుండా రోజూ రాసుకోమంది డాక్టరమ్మ. రాస్తున్నాను.

జరిగింది: పొద్దున పెద్దాయన ఫోన్ చేశారు. కంప్యూటర్ భద్రతకి సర్టిఫికెట్లు ఇచ్చే మా పరీక్షల కమిటీకి ఆయనే పెద్ద. గొంతు ఎప్పుడూ అప్పుడే నిద్ర లేచినట్టు మెత్తగా ఉంటుంది.

"తల్లీ, మన ప్రశ్నలు మళ్లీ బజార్లో పడ్డాయి. జవాబులతో సహా అమ్ముతున్నారు. మనం సంతకం పెట్టిన కాగితం చూసే కదా బ్యాంకులూ ఆసుపత్రులూ తమ కంప్యూటర్ల కాపలా అప్పగిస్తున్నాయి. ఆ కాగితమే కొనుక్కొచ్చింది అయితే ఇంక మనమెందుకు? ఓ ఎర ప్రశ్న కావాలి. నమ్మేలా అబద్ధం రాయడం నీకే చేతనవును."

పొగడ్తే. పొంగిపోయాను కూడా.

సెప్టెంబరు 14

ఎర అల్లడం ఎంత హాయిగా ఉందో రాస్తే సిగ్గుగా ఉంటుంది. మాత్ర మగతలో ఇంకా హాయి.

ప్రశ్న చిన్నది. ఓ కంప్యూటర్లో దొంగ దూరాడు, ఇంకా లోపలే ఉన్నాడు, ముందు ఏం చెయ్యాలి? నెట్‌వర్క్ కేబుల్ పీకి, కంప్యూటర్‌ని మాత్రం అలాగే నడవనివ్వాలి. వాడి అడుగుజాడలన్నీ నడుస్తున్న మెమరీలోనే ఉంటాయి, కరెంటు తీస్తే తుడిచిపెట్టుకుపోతాయి. చదువుకున్నవాళ్లెవరైనా ఇదే రాస్తారు. మేం మాత్రం 'కరెంటు తీసెయ్యాలి' అన్నదే సరైన జవాబని రాసి, ఆ దొంగ బజార్లోకి వదులుతాం. మిగతా ప్రశ్నలన్నీ బాగా రాసి ఈ ఒక్కదానికి మాత్రం కరెంటు తీస్తానన్నవాళ్లు కొనుక్కొచ్చినవాళ్లన్నమాట.

ఒకటే భయం. అమాయకులెవరూ వాళ్లంతట వాళ్లు ఇందులో పడకూడదు. ఎవరిమీదన్నా ఒకసారి పెట్టి చూస్తే బాగుండును.

సెప్టెంబరు 15

మధ్యాహ్నం చీమ నా మంచం అంచున కూర్చుని బట్టలు మడతపెట్టింది. చీమ అంటే మా తమ్ముడి భార్య. ఓ చోట ఆగదని పెళ్లయిన కొత్తలో వాడు పెట్టిన పేరు, ఇప్పుడు నేనూ అలాగే పిలుస్తాను. ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగంలో చేస్తోంది. మా పరీక్ష వచ్చే ఏడు రాస్తానని పుస్తకాలు తెచ్చుకుంది. ఆడపడుచూ మరదలూ ఇలా కలిసి ఉండటం చూసి పక్కింటావిడ ఇంకా నమ్మలేకపోతోంది.

"ఓ కథ చెప్తాను. మీ ఆసుపత్రిలో ఓ కంప్యూటర్లో దొంగ దూరాడు. నీ కంట్లో పడ్డాడు. ముందేం చేస్తావు?"

"కేబుల్ పీకేస్తాను. వాడి దారి మూసేస్తాను."

"కరెంటు తియ్యవా?"

"తీసేస్తే వాడేం చేశాడో మనకెలా తెలుస్తుంది వదినా?"

శభాష్ అనుకున్నాను. నా ఎర అమాయకులని ముట్టుకోదు. అక్కడితో ఆగాల్సింది. ఆగితే నేను నేనెలా అవుతాను?

"ఇంట్లో మంట లేస్తే ముందు మెయిన్ తియ్యమంటారా లేదా? వాడు లోపల ఒక్కో రోగి ఫైలుకీ తాళం వేసుకుంటూ పోతుంటే నువ్వు అడుగుజాడలు చూస్తూ కూర్చుంటావా? జాడలు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా?"

తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే ఆలోచించింది. "అదీ నిజమే. నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను. నువ్వు చూసినదానివి కదా," అంది.

నవ్వొచ్చింది. ఊరికే అన్నానే పిచ్చిదానా అని చెప్పబోయాను. ఈలోగా మాత్ర పట్టేసింది, మంచం బయల్దేరింది.

లేచాక చెప్పాను. వంటింటి దారిలో నీలం తెర పక్కన నిలబడి తడి జుట్టు తుడుచుకుంటోంది. "ఊరికే ఏడిపించాను, నువ్వన్నదే సరైంది" అంటే, "సరేలే వదినా" అని నవ్వింది. నేల మీద నీళ్లు మెరుస్తున్నాయి.

సెప్టెంబరు 22

ప్రశ్న ఒప్పుకున్నారు. పెద్దాయన ఎంతో మెచ్చుకున్నారు. మా ఇంట్లోవాళ్లెవరూ ఈసారి పరీక్ష రాయడం లేదని, ప్రశ్న ఎవరికీ చెప్పలేదని మామూలుగా సంతకాలు తీసుకున్నారు. చీమ రాసేది వచ్చే ఏడు. పోతే నేను చెప్పింది కథ, ప్రశ్న కాదు.

సెప్టెంబరు 30

చీమ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆసుపత్రిలో భద్రతాధికారి పోస్టు పెడుతున్నారట. సర్టిఫికెట్ ఉంటే దానికే ఇస్తారట. అందుకని వచ్చే నెల్లోనే రాసేస్తోంది. డబ్బు కూడా కట్టేసింది.

"ఇంక షిఫ్టులు ఉండవు వదినా. నా పేరుతో ఓ గది. తలుపు మీద బోర్డు."

తమ్ముడు వెనకనుంచి, "చీమకి గది ఎందుకు, పుట్ట చాలు," అన్నాడు. వాడి మొహంలోనే ఎక్కువ సంతోషం ఉంది.

పెద్దాయనకి చెప్పాలి. రేపు.

అక్టోబరు 3

రేపు చెప్తాను.

అక్టోబరు 6

పెద్దాయన ఊళ్లో లేరట. ఫోన్ ఆయనతోనే ఉంటుందనుకో. అయినా ప్రయాణంలో మనిషిని విసిగించడం ఎందుకు. చీమకి సరైన జవాబు తెలుసు, నేనే చెప్పాను. ఎవరికీ ఏమీ కాదు.

అక్టోబరు 12

కల: పెద్ద హాలు. బల్లలన్నీ నీళ్లమీద తేలుతున్నాయి. అందరూ రాస్తున్నారు, కలాల చప్పుడు వానలా వినిపిస్తోంది. నేను పర్యవేక్షకురాలిని. నడవబోతే ఒక్కొక్కరి కాగితమూ నా కాలి కింద మెత్తగా కుంగుతోంది. చీమ తలెత్తి, "ఇది నువ్వు చెప్పిందే కదా వదినా," అంది అందరూ వినేలా. ఒక్కరూ తిరిగి చూడలేదు. దానికే నాకు భయం వేసింది.

అక్టోబరు 19

పరీక్ష అయిపోయింది. చీమ వచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా మంచం మీద వాలిపోయింది. "బాగా రాశాను. చాలా బాగా రాశాను," అంది పైకప్పుతో. ఏమేం వచ్చాయని నేను అడగలేదు. అడగకూడదు, అది నియమం. నియమాలు పాటించడంలో నన్ను మించినవాళ్లు లేరు.

అక్టోబరు 28

ఈరోజు జరిగింది ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఆసుపత్రిలో, చీట్లు రాసే కౌంటరు దగ్గర కంప్యూటర్లో బాణం గుర్తు దానంతటదే కదిలిందట. చీమ పరుగెత్తి ప్లగ్గు లాగేసింది. తర్వాత బయటినుంచి నిపుణులు వచ్చి చూశారు. మెమరీలో ఉన్నదంతా పోయింది కాబట్టి ఎవరొచ్చారో, ఎటునుంచి వచ్చారో ఇంక తెలిసే దారి లేదన్నారట. సూపరింటెండెంటు మాత్రం చీమ చురుకుతనాన్ని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

"నీ మాటే గుర్తొచ్చింది వదినా. మంట లేస్తే ముందు మెయిన్."

"తర్వాత ఇంకో మాట చెప్పాను కదా?"

"ఏ మాట?"

"ఊరికే ఏడిపించానని. వంటింటి దారిలో. నువ్వు తల తుడుచుకుంటున్నావు. నీలం తెర దగ్గర."

విచిత్రంగా చూసింది. "ఏ నీలం తెర?"

లేచి, గోడ పట్టుకుని వంటింటిదాకా వెళ్లాను. మా ఇంట్లో నీలం తెర లేదు. వంటింటి దారికి అసలు తెరే లేదు.

వెనకే వచ్చి భుజం పట్టుకుంది, పడిపోతానని. "ఏమైంది వదినా? నేను చేసింది తప్పా?"

అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది. పరీక్షలో అదే రాసి ఉంటుందని అప్పటికే తెలిసిపోయింది నాకు. ఒకటి చెబితే రెండోదీ చెప్పాలి.

"లేదు. బాగా చేశావు," అన్నాను.

అక్టోబరు 29

బాగా చేశావు అన్నాను.

నవంబరు 7

కమిటీలో లెక్కలు చూసే ఆవిడ ఫోన్ చేసింది. ఎర అద్భుతంగా పని చేసిందట. ముప్పై చిల్లర మంది చిక్కారు.

"వాళ్లలో ఒకళ్లని చూస్తే ముచ్చటేస్తోందండీ. మిగతా పరీక్షంతా ఒక్క తప్పు లేదు. ఈ ఒక్కటే. పైగా ఆసుపత్రిలో పనిచేసే మనిషట. ఎంత నేర్పుగా కొన్నారో కదా."

ఊఁ కొట్టాను. ఫోన్ పెట్టేశాక గది చాలాసేపు తిరిగింది. ఈరోజు మాత్ర వేసుకున్నాను కాబట్టి తిరిగింది గది కాదు.

నవంబరు 10

చీమకి మెసేజ్ వచ్చింది. ఫలితం ఆపారు, అక్రమాలు జరిగినట్టు అనుమానం, సంజాయిషీ ఇచ్చుకోవాలి, తేలితే అయిదేళ్లు మళ్లీ రాయడానికి వీల్లేదు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన పుస్తకాలన్నీ నేలమీద పరుచుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది.

"ఏ ప్రశ్నో కూడా చెప్పరట వదినా. నేనెక్కడా ఏదీ కొనలేదు. కానీ ఇంతమంది పెద్దవాళ్లు ఊరికే అనరు కదా. నాకు తెలియకుండానే దొంగది ఏదన్నా చదివానేమో. ఈ పాత పుస్తకం ఓ స్నేహితురాలిచ్చింది. ఇదేనంటావా?"

ఆ పుస్తకాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడుతోంది. నేను పక్కనే కూర్చుని తల నిమిరాను. ఎంత మంచి ఆడపడుచునో.

నవంబరు 13

పెద్దాయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆ ఆసుపత్రి మనిషి హాల్ టికెట్ నంబరు మా మరదలిదని, దాని మీదే పెట్టి చూశానని, దిద్దానని కలగన్నానని. ఆయన అంతా విన్నారు. తర్వాత ఆ మెత్తని గొంతుతోనే అన్నారు.

"నా చెవిన వేశావు, చాలు. ఇంకెవరి చెవినా వెయ్యకు. ప్రశ్న నువ్వే ఇంట్లో బయటపెట్టావని తేలితే అది చెల్లదు. దాంతో చిక్కిన దొంగలందరూ చేతులు దులుపుకుని పోతారు. రేపు వాళ్లలో ఒకడు ఏ మంచినీళ్ల పంపుల కంప్యూటర్లకో కాపలా ఉంటాడు. నీ సర్టిఫికెట్ కూడా పోతుంది. ఆ పిల్లేమో ఏ తప్పూ చెయ్యలేదు. లెక్కల్లో పొరపాటని ఆ ఒక్క నంబరూ తీసేస్తాను. అందరికీ న్యాయం జరుగుతుంది తల్లీ. హాయిగా పడుకో."

సరేనన్నాను. అందరికీ న్యాయం అన్న మాటని తలగడలా సర్దుకుని పడుకున్నాను. చాలా రోజులకి మంచం కదలలేదు.

నవంబరు 20

చీమ పాసైంది. పొరపాటుకి చింతిస్తున్నామని కూడా రాశారు. తమ్ముడు కేకు తెచ్చాడు. చీమ మొదటి ముక్క నా నోట్లో పెట్టి, "నువ్వు నన్ను ఒక్కరోజు కూడా అనుమానించలేదు వదినా," అంది.

మింగాను.

నవంబరు 27

చెవి చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాను. పూర్తిగా తగ్గిందంది డాక్టరమ్మ, మాత్రలు ఆపెయ్యమంది. బయటికొచ్చి వరండాలో నడుస్తుంటే అంతా కడిగినట్టు స్పష్టంగా కనిపించింది. గోడ పగుళ్లు, కుర్చీల కాళ్లు, మనుషుల చేతుల్లో చీటీలు. ప్రతి కంప్యూటరు నెత్తినా ఓ కాగితం.

చీమ రాతే. గుండ్రటి అక్షరాలు. 'అనుమానం వస్తే ముందు కరెంటు తీసెయ్యండి. తర్వాతే నాకు ఫోన్ చెయ్యండి.' కింద నవ్వుతున్న ప్లగ్గు బొమ్మ.

నర్సుని అడిగాను. "మా కొత్త ఆఫీసరుగారు పెట్టించారండీ. అందరికీ క్లాసు కూడా చెప్పారు. వాళ్ల వదినగారు ఈ పనిలో చాలా పెద్దావిడట, ఆవిడే నేర్పారట."

"రోగుల మిషన్లకి తగిలించిన కంప్యూటర్లకి కూడానా?"

"అన్నిటికీనండీ. లోపల ఐసీయూలో కూడా అంటించాం."

గాజు తలుపు అవతల ఓ ముసలాయన పడుకుని ఉన్నాడు. ఆయన పక్కన తెర మీద ఆకుపచ్చ గీత లేస్తూ పడుతూ ఉంది. దాని మీదా అదే కాగితం, అదే నవ్వే ప్లగ్గు.

పెద్దాయన తీసింది ఒక్క నంబరే. ఇది ఎవరు తీస్తారు?

చీమ గదికి వెళ్లాను. తలుపు మీద బోర్డు ఉంది. చూసి లేచి, తన కుర్చీ నాకిచ్చింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మధ్యాహ్నం, తువ్వాలు, ఎర, కల, పెద్దాయన, అన్నీ. చెప్పడానికి ఇంత తక్కువసేపు పడుతుందని అనుకోలేదు.

"మొదట నేను కేబులనే అన్నాను కదా వదినా?"

"అన్నావు."

"మరి కాదని ఎందుకన్నావు?"

"నిన్ను కదిలించగలనో లేదో చూద్దామని."

"కదిలాను," అంది. "ఆ రోజు ప్లగ్గు లాగి వచ్చినప్పుడు, తప్పా అని అడిగాను నిన్ను."

"అడిగావు."

"నేను పుస్తకాలన్నీ పరుచుకున్నప్పుడు పక్కనే ఉన్నావు."

అని సొరుగు లాగింది. కాగితాలు గీకే చాకు ఒకటి తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ముందు ఐసీయూకి వెళ్లింది. సాయం చేద్దామని ఓ కాగితం అంచు పట్టుకుంటే, "వద్దు, నేను తీస్తాను," అంది. అంటించిన చోట రంగు కూడా ఊడొచ్చేలా లాగుతోంది. నర్సులు చూస్తున్నారు. "నేను తప్పు చెప్పాను. మిషన్లేవీ ఆపకండి. నెట్‌వర్క్ కేబులు మాత్రం పీకి నన్ను పిలవండి," అని ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పుకుంటూ వెళ్లింది. మా వదిన తప్పు చెప్పిందని ఒక్కళ్లతోనూ అనలేదు.

డిసెంబరు 2

కమిటీకి రాసిచ్చాను. పెద్దాయన ఫోన్ సంగతి రాయనా వద్దా అని ఓ పూటంతా కూర్చున్నాను. అంతకుముందు ఎన్నేళ్లు ఆయన నన్ను తల్లీ అని పిలిచారో. రాశాను.

సాయంత్రం ఆయనే చేశారు. "నన్ను కూడా ముంచావు కదమ్మా," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఈసారి తల్లీ అనలేదు.

డిసెంబరు 9

ప్రశ్న కొట్టేశారు. చిక్కినవాళ్లందరికీ ఫలితాలు ఇచ్చేశారు. ఎక్కడో ఎవడో కొనుక్కున్న కాగితానికి ఫ్రేము కట్టిస్తూ ఉంటాడు. నా పుణ్యమే. నా సర్టిఫికెట్ రద్దు. పెద్దాయన తప్పుకున్నారు. ఆఫీసులో నా సంతకం ఇంక దేనికీ పనికిరాదన్నారు, ఉద్యోగం మాట తర్వాత చూస్తారట.

చీమ ఫలితం కూడా కొట్టేశారు. తెలిసో తెలియకో ప్రశ్న ముందే విన్నది కదా. మళ్లీ రాయాలి. అప్పటిదాకా పోస్టు ఇంకొకళ్లకి ఇచ్చారు. బోర్డు తీసేశారు.

ఇవన్నీ తమ్ముడు చెప్పాడు. చీమ నాతో మాట్లాడటం లేదు.

డిసెంబరు 12

"అక్కా, అన్నం పెట్టాను తినమని చెప్పమంది. నువ్వు తిన్నావో లేదో చెప్పమంది. మీ ఇద్దరి మధ్య తిరగలేక నా కాళ్లు అరిగిపోతున్నాయి. జీతం ఎవరిస్తారో తేల్చండి," అన్నాడు తమ్ముడు.

నవ్వాను. వాడు నవ్వలేదు. "దానికి నువ్వంటే దేవత అక్కా," అని వెళ్లిపోయాడు.

కలలు రావడం లేదు. పడుకుంటే మంచం మంచంలాగే ఉంటోంది. అదివరకు తేలేదాన్నని గుర్తు చేసుకుంటే ఎవరో చెప్పిన సంగతిలా ఉంది.

డిసెంబరు 17

పొద్దున చీమ గుమ్మం దగ్గర నిలబడి, "బజారుకి వెళ్తున్నాను. వస్తావా?" అంది. ఎవరిని అడుగుతోందా అని వెనక్కి చూశాను. నన్నే.

తను సంచులు తీసుకుని మెట్లు దిగింది. నేను తాళం వేసి వెనకాలే దిగాను.

"తాళం వేశావా వదినా?"

"వేశాను."

ఓ అడుగు వేసింది. ఆగింది. సంచులు నా చేతికిచ్చి, మళ్లీ పైకెక్కి, తాళం పట్టుకుని గట్టిగా లాగి చూసింది. పడే ఉంది. దిగి వచ్చి నా చేతిలోంచి సంచులు తీసుకుంది.

"ఏమీ అనుకోకు," అంది.

"అనుకోను. అలాగే చూసుకోవాలి," అన్నాను.

ఇద్దరం కలిసి నడిచాం. తను కూరల ధరల గురించి చెబుతోంది, నేను ఊఁ కొడుతున్నాను. వీధి చివరిదాకా నాకు దారి సరిగ్గా కనబడలేదు. మాత్రలు ఆపేసి చాలా రోజులైంది.